నలభై ఒకటో నంబరు ఆచూకీ

"నా గరిటె పప్పులో ఎవరు పెట్టారు?" అన్నాను.

ఇంట్లో ఉన్నది అప్పటికి ఇద్దరమే. ఎవరు పెట్టారని అడగాల్సిన పనే లేదు. అయినా అలా అడగడం నాకు అలవాటు, వినిపించనట్టు ఊరుకోవడం మా వదినకి అలవాటు. వదిన ప్రభావతి మా ఆయనకి అక్క. ఆవిడ భర్త పోయాక మాతోనే ఉంటోంది.

ఆ రోజు మాత్రం ఊరుకోలేదు. "గరిటెకి మడి కట్టావా ఏమిటే?" అంది కొత్తిమీర గిల్లుతూ.

"మడి కాదు వదినా, కొలత. పప్పు జిడ్డు పట్టిందంటే అన్నం అంటుకుపోతుంది. రెండు గ్రాములు తేడా వస్తుంది."

"రెండు గ్రాములకి పొద్దున్నే నా మీద లేస్తున్నావా! ఇంట్లో డజను గరిటెలున్నాయి. ఒకటి నీ పేరున రాయించుకుని పెట్టుకో."

"మిగతా పదకొండింట్లో ఏదో ఒకటి మీరు తీసుకోవచ్చుగా."

"అవి నా చేతికి బరువమ్మా. నా మణికట్టు సంగతి నీకు తెలీదూ?"

తెలుసు. మూడేళ్ళ కిందట స్నానాల గదిలో చెయ్యి ఆనించుకున్నందుకే విరిగింది ఆ మణికట్టు. ఆవిడకి పొట్ట ఆపరేషన్ అయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఎముకలు గుల్లబారాయన్నారు. గరిటె కడిగి, తుడిచి, మేకుకి తగిలించాను. గుండ్రటి చిన్న స్టీలు గరిటె అది. అంచుకి సమంగా అన్నం తీస్తే అరవై గ్రాములు. పదేళ్ళుగా నా కడుపులోకి వెళ్ళిన ప్రతి మెతుకూ దానితో కొలిచిందే. కొలిచిందంతా పుస్తకంలో రాశాను. పద్దెనిమిది పుస్తకాలు నిండాయి.

దేనికి రాస్తున్నానో మొదట్లో నాకు తెలుసు. మా ఆయన ప్రయోగానికి. తర్వాత్తర్వాత, నేను దొంగను కానని నాకు నేను చెప్పుకోవడానికి.

*

మా ఆయన డాక్టర్ గరిమెళ్ళ కోదండపాణి. విశాఖపట్నంలో ఎండాడ కొండ వాలులో ఉన్న మితాహార పరిశోధన కేంద్రంలో ఇప్పుడు ఆయన డైరెక్టరు. పదేళ్ళ కిందట చిన్న గది, రెండు యంత్రాలు, ఒక ఊహ ఉన్న మనిషి.

ఆ ఊహ పుట్టింది వదిన కంచం దగ్గరే. అప్పటికి వదినకి పొట్ట కోసి చిన్నది చేసి తొమ్మిది నెలలు. నూట పది కిలోల మనిషి డెబ్భైకి దిగింది. మందులు మింగినా తగ్గని షుగరు మాయమైంది. "అక్కకి నాలుగు ముద్దలకే చాలనిపిస్తోంది సుభా," అనేవారు ఆయన. "ఆ చాలు అన్నది ఎక్కడో ఒక నరంలో నడుస్తుంది. దాన్ని రాసుకుని, కత్తి పెట్టకుండా ఇంకొకరికి వినిపించగలిగితే?"

ఆ రాసుకున్న రోజు నేనూ ఉన్నాను. వదిన మెడకీ, పొట్టకీ తీగలు అంటించి కుర్చీలో కూర్చోబెట్టారు. చెయ్యి కదిలితే గీత చెడుతుందన్నారు. అందుకని ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం నేనే కలిపి నోట్లో పెట్టాను. ఒకటి. రెండు. తెర మీద ఆకుపచ్చ గీత కొద్దికొద్దిగా లేచింది. మూడు. నాలుగో ముద్ద మింగాక వదిన కళ్ళు మూసుకుని, "చాలమ్మా," అంది. ఆ క్షణంలో గీత కొండలా లేచి, పైన అలాగే నిలబడింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఆ "చాలమ్మా"నే వడ్లగింజంత పరికరంలో పెట్టారు. మూడు నెలల తర్వాత నా గొంతులోంచి సన్నటి గొట్టం వేసి, ఆ గింజని కడుపు పైభాగాన నరం పక్కన గుచ్చారు. కోత లేదు, కుట్టు లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చి వంట చేశాను.

వింతేమిటంటే, ఆ రోజు నుంచి నేనేం తిన్నా నాలుగో ముద్దకి పెరుగన్నం తిన్నంత చల్లగా కడుపు నిండేది. వంకాయ కూర తిన్నా అంతే, మిరపకాయ బజ్జీ తిన్నా అంతే. వదిన తృప్తి నా ఒంట్లో కాపురం పెట్టిందని నవ్వుకునేవాళ్ళం.

ప్రయోగంలో అరవై మందికి ఆపరేషన్, అరవై మందికి గింజ. పదేళ్ళు చూసి, ఏది నిలుస్తుందో తేల్చాలి. గింజ పెట్టినవాళ్ళలో నాది నలభై ఒకటో నంబరు. ఇంట్లోవాళ్ళని చేర్చకూడదని రూలుంది. "నీ పుట్టింటి పేరుతో సంతకం పెట్టు, ఏం కాదు," అన్నారు ఆయన. ఆకెళ్ళ సుభాషిణి అని పెట్టాను. తప్పని తెలుసు. మొగుడికి సాయం చేస్తున్నాననే గర్వంలో ఆ తప్పు చిన్నదిగా కనిపించింది.

మూడేళ్ళలో ఇరవై రెండు కిలోలు తగ్గాను. పాత జాకెట్లన్నిటికీ కుట్లు వేయించాను. మెట్లెక్కితే ఆయాసం లేదు. సభల్లో ఆయన నా పేరు చెప్పకుండా, మొహం కనపడకుండా నా బొమ్మ చూపించేవారు.

ఆరో ఏడు వచ్చింది. ఒకరోజు నాలుగో ముద్దకి చల్లదనం రాలేదు. ఐదో ముద్దకీ రాలేదు. గరిటె కొలత దాటకూడదు కాబట్టి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు. గింజ రాకముందు నాకంటూ ఒక తృప్తి ఉండేది కదా, అదీ తిరిగి రాలేదు. ఇంత తిన్నా, అంత తిన్నా లోపల ఒకటే మౌనం. చాలు అని నాకు చెప్పేది నా పుస్తకం ఒక్కటే.

అయినా కొలత దాటలేదు. బరువు మాత్రం నెలకి అర కిలో, ముప్పావు కిలో పెరుగుతూ వచ్చింది.

ఏటా ల్యాబ్‌లో జరగాల్సిన పరీక్షకి బయల్దేరబోతే ఆయన వద్దన్నారు. "అందరి మధ్యా నువ్వెందుకు కూర్చోవడం? ఇంట్లోనే చూస్తాను." ఆదివారం ఆదివారం భోజనానికి ముందు హాల్లో బరువు యంత్రం పెట్టేవారు. అంకె చూసి నిట్టూర్చేవారు. ఒక ఆదివారం మెల్లగా అన్నారు: "సుభా, మనిషన్నాక బలహీనత ఉంటుంది. తింటే తిన్నానని చెప్పు. పుస్తకంలో అబద్ధం మాత్రం రాయకు."

"నేను తినలేదండీ."

"అక్క చూసిందట. వంటింట్లో నిలబడి లడ్డు తింటున్నావట."

నేను వదినని అడగలేదు. అడిగితే అవుననే అంటుందని భయం. ఆవిడ కళ్ళజోడు అంతంతమాత్రం, ఏ మజ్జిగ చిలుకుతుంటేనో చూసి లడ్డు అనుకుని ఉంటుంది. అలా అనుకుని మనసులో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా గరిటెల తగాదాలు, మూతల తగాదాలు, పోపు డబ్బా ఎటు పెట్టాలన్న తగాదాలు.

మా అమ్మాయి మేఖల అప్పుడు ఇంటర్. లడ్డూల డబ్బా మీద రెండు పిల్లి కళ్ళ స్టిక్కరు అంటించి, "అమ్మా, నిఘా ఉంది సుమా!" అని నవ్వింది. అందరం నవ్వాం. నేను కూడా.

పదో ఏడు నిండేసరికి గింజ పెట్టిన రోజుకంటే నాలుగు కిలోలు ఎక్కువున్నాను. షుగరు మాత్ర రెండుపూటలా వేసుకుంటున్నాను. లడ్డూల డబ్బా మీద పిల్లి కళ్ళు అలాగే ఉన్నాయి.

*

గరిటె గురించి తగాదా పడ్డ ఆ గురువారమే, పదకొండు గంటల వేళ, గేటు దగ్గర ఎవరో పిలిచారు. గొడుగు, భుజాన సంచి, చేతిలో ట్యాబ్. పాతికేళ్ళ పిల్ల. చెమటతో జాకెట్టు తడిసిపోయింది.

"అమ్మా, ఆకెళ్ళ సుభాషిణి గారిల్లు ఇదేనేటండి?"

పదేళ్ళ తర్వాత ఆ పేరు వింటే ఎవరినో పిలిచినట్టనిపించింది.

"నేనే. ఎవరమ్మా నువ్వు?"

"హమ్మయ్య! దొరికీసినారు!" అంటూ గట్టు మీద కూలబడింది. "పేరు పైడిరత్నమండి. నర్సుని. గింజల ప్రయోగం మీద బయటి నుంచి కమిటీ ఏసినారు కదమ్మా, ఆళ్ళు పంపినారు. అరవై మందిలో పదకొండు మంది జాడ నేదని రాసున్నాదట. డైరెక్టరు గారి మనుషులు కాకుండా వేరేవాళ్ళు ఎల్లి ఎతకాలన్నారు. పెదవాల్తేరు అడ్రసిచ్చినారు మీది. అక్కడ మీరెక్కడున్నారు! పక్కింటి ముసలావిడ మీరు ఎంవీపీ కాలనీ ఎల్లిపోనారని చెప్పీసింది. ఈ కాలనీలో మూడు రోజులై తిరుగుతున్నానమ్మా."

మజ్జిగ ఇచ్చాను. ఒక్క గుక్కలో తాగింది. "ఏదీ, చూడనీ," అని ట్యాబ్ అందుకున్నాను.

నలభై ఒకటి. ఆకెళ్ళ సుభాషిణి. ఆచూకీ లేదు. మూడుసార్లు ఇంటికి వెళ్ళినా దొరకలేదు. కింద మూడు తేదీలు. వెళ్ళినవారి సంతకం: జి. కోదండపాణి.

"ఈ సంతకం డైరెక్టరు గారిదేనమ్మా," అంది రత్నం. "పెద్దాయనే స్వయంగా తిరిగినారంట, పాపం."

వెనక గోడ మీద మా పెళ్ళి ఫొటో ఉంది. ఆ పిల్ల అటు చూడలేదు. నేను చూపించలేదు.

"మిగతావాళ్ళు దొరికారా?"

"మీతో ఏడుగురండి. అందరికీ బరువు తిరిగి పెరిగిపోయినాదమ్మా. కొందరికి ముందుకంటే ఎక్కువ. ఒకావిడ ఏడ్చీసింది నన్ను పట్టుకుని. ఎవులింట్లో చూసినా ఒకటే మాట, మా ఆవిడ దొంగచాటుగా తింటాదని, మా కోడలు మాయచేసి తింటాదని." మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మీ ఇంట్లో కూడా అంటారేటమ్మా?" అంది.

బరువు చూసింది. షుగరు చూసింది. రెండూ రాసుకుంది. వెళ్ళేటప్పుడు, "బుధవారం కమిటీ కూకుంటాదమ్మా. కావాలంటే ఎవరైనా వచ్చి చెప్పొచ్చన్నారు. ఎవులూ రారనుకోండి," అని చీటీ మీద తన నంబరు రాసిచ్చి గొడుగు తెరిచింది.

*

నేను పుస్తకాలు తీశాను. మూడు తేదీలు. ఎనిమిదో ఏడాది పుస్తకాలు రెండు.

మార్చి మూడు. దొండకాయ వేపుడు, మిరియాల చారు. నేను: అన్నం అరవై గ్రాములు, వేపుడు రెండు చెంచాలు. పక్కన సన్నగా రాసుకున్నాను: ఆయన చారు మారు వేయించుకున్నారు, బాగుందన్నారు.

ఆగస్టు పద్దెనిమిది. శ్రావణ శుక్రవారం. ఇంటి నిండా పేరంటాళ్ళు. పూర్ణాలు నలభై, పులిహోర. ఆయన: పూర్ణాలు నాలుగు. నేను: సున్నా.

నవంబరు ఇరవై ఆరు. నాకు జ్వరం. లేవలేదు. ఆయనే కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చారు. రాసుకున్నాను: పంచదార రెండు చెంచాలు. వద్దనాలనిపించలేదు, ఆయన కలిపారు.

ఆ రోజే, ఆ చేత్తోనే, ఇంటికి వెళ్ళాను, ఆమె దొరకలేదు అని సంతకం పెట్టారు.

వదిన వచ్చి పుస్తకాలు చూసింది. "ఏమిటే, పాత లెక్కలు తీశావు?"

"వదినా, ఒక్కటడుగుతాను. నేను లడ్డు తినడం మీరు ఎప్పుడు చూశారు?"

"ఏ లడ్డు?"

"నాలుగేళ్ళ కిందట. వంటింట్లో నిలబడి తింటుంటే మీరు చూశారట. ఆయనే చెప్పారు."

వదిన కళ్ళజోడు తీసి, పమిటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నేనా? నేను చెప్పానన్నాడా పాణి? ఒసేయ్, వాడు నన్ను కనిపెట్టి ఉండమన్న మాట నిజమే. రెండు నెలలు కనిపెట్టాను. నువ్వు అటు వెళ్ళగానే గిన్నెలు తూచాను. డబ్బాలో లడ్డూలు లెక్కపెట్టాను. నీ గరిటె తీసుకుని ఎన్నిసార్లు తూచానో! అరవైకి ఒక్క మెతుకు ఎక్కువ లేదు. దొరుకుతావేమోననే చూశాను, దాస్తే పాపం. దొరకలేదు. దొరకలేదని వాడికి చెప్పాను. ఒకసారి కాదు, వారం వారం చెప్పాను. 'ఒరేయ్, ఆ పిల్ల పిట్టలా తింటోంది, నీ గింజకే ఏదో అయింది' అని కూడా అన్నాను."

"ఆయనేమన్నారు?"

"తెలుసక్కా అన్నాడు." అంది వదిన. "తెలుసన్నాడే! నీతో చెప్పాడనుకున్నాను. చెప్పాక కూడా నువ్వు నాతో గరిటెల దగ్గర, మూతల దగ్గర దెబ్బలాడుతున్నావంటే, నన్ను కాపలా పెట్టినందుకు కోపం పోలేదనుకున్నాను."

నాలుగేళ్ళు ఒక వంటింట్లో ఇద్దరం ఒకరికొకరు శత్రువుల్లా తిరిగాం. మా మధ్య గోడ కట్టిన మనిషి ఇద్దరి చేతి వంటా తింటూ ఉన్నాడు.

*

శనివారం ల్యాబ్‌కి వెళ్ళాను. డైరెక్టరు గారి గదికి కాదు. కింద కౌంటరులో టోకెన్ తీసుకుని, వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. అటెండరు నన్ను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, ఇక్కడ కూర్చున్నారేంటండీ? సారు పైనే ఉన్నారు."

"పేషెంటుగా వచ్చాను బాబూ. నా వంతు వచ్చేదాకా కూర్చుంటాను."

ఐదు నిమిషాల్లో ఆయనే దిగి వచ్చారు. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. వదిన కూర్చున్న ఆ పాత కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

"ఏమిటిది సుభా? అందరూ చూస్తున్నారు."

"చూడాలనే వచ్చానండీ. నలభై ఒకటో నంబరు ఆచూకీ లేదట కదా. చెప్పి వెళ్దామని."

ఆయన మొహంలో రంగు పోయింది. "అది ఒక కాగితం. గడి ఖాళీగా ఉండకూడదు, ఏదో ఒకటి నింపాలి," అన్నారు.

"నా బరువు నింపొచ్చుగా. ప్రతి ఆదివారం చూశారు కదా."

"నీకు అర్థం కాదు."

"బీయస్సీ చదివాను. కొద్దిగా అర్థమవుతుంది. చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఒక్కసారిగా పెద్దవాడైపోయినట్టు కనిపించారు. "ఐదేళ్ళు దాటాక నరం గింజ మాట వినడం మానేస్తుంది. రోజూ మోగే అలారానికి ఇంట్లోవాళ్ళు లేవడం మానేసినట్టు. అంతవరకైతే పర్వాలేదు. అసలు కడుపు చెప్పేది కూడా వినడం మానేస్తుంది. ఒళ్ళు కరువొచ్చిందనుకుని ప్రతి మెతుకూ దాచుకుంటుంది. అందరికీ కాదు. కానీ చాలామందికి."

"ఆ చాలామందిని తీసేశారు."

"ఆ పదకొండు మందినీ కలిపితే ఆపరేషన్ గెలుస్తుంది సుభా. కలపకపోతే రెండూ సమానం." గొంతు పెంచారు. "ఆపరేషన్ మాత్రం ఏమంత గొప్పది? అక్కని చూడు. ఎముకలు, జుట్టు, నెలనెలా సూది, మిఠాయి ముక్క తింటే గుండెదడ. కత్తికి భయపడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళకి గింజ ఐదేళ్ళిచ్చినా ఐదేళ్ళేగా!"

"ఐదేళ్ళని చెప్పి ఇవ్వండి. వదినకి ముందే అన్నీ చెప్పారు. ఎముకల సంగతి, సూదుల సంగతి. అన్నీ విని ఆవిడ సరేనంది. పదకొండేళ్ళయినా నలభై కిలోల్లో ఎనిమిదే తిరిగొచ్చాయి. ఆవిడ ఏం పోగొట్టుకుందో ఆవిడకి తెలుసు. నేనేం పోగొట్టుకున్నానో నాకు మొన్నటిదాకా తెలీదు."

ఆయన తల దించుకున్నారు.

"సరే, లెక్క కోసం నన్ను తీసేశారు. నన్ను దొంగననడం దేనికండీ? అదీ వదిన మీద పెట్టి?"

"మొదట్లో నేనూ నమ్మాను. నమ్మాలనుకున్నాను. నువ్వు తింటున్నావంటే గింజ తప్పు కాదు కదా. తర్వాత అక్క చెప్పింది. అప్పటికే..." ఆగిపోయారు. "నువ్వు నీ మీదే అనుమానపడుతుంటే, ల్యాబ్‌కి రాకుండా ఉంటే, నాకు సులువైంది."

ఇంత నిజం చెప్పినందుకు ఒక్క క్షణం జాలిపడ్డాను. మరుక్షణం ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"వచ్చే శుక్రవారం మన మేఖలకి పెడతానన్న గింజో?"

"అది కొత్త గింజ. ఒకే సద్దు చేయదు, మారుస్తుంటుంది. నరం అలవాటు పడదు. పన్నెండేళ్ళు పనిచేస్తుంది."

"ఎన్నేళ్ళు చూశారు?"

"ఏడాదిన్నర."

"పన్నెండని ఎలా తెలుసు?"

"పాత లెక్కల ప్రకారం..." అని మొదలుపెట్టి, ఆ పాత లెక్కల్లో ఎవరు లేరో ఆయనకే గుర్తొచ్చినట్టుంది.

బయట నా టోకెన్ నంబరు పిలిచారు. లేచి వెళ్ళి, బరువు చూపించుకుని, రశీదు అడిగి తీసుకుని ఇంటికొచ్చాను.

*

మేఖలకి ఇరవై రెండేళ్ళు. తొంభై మూడు కిలోలు. కాలేజీలో అందరూ ముద్దపప్పు అంటారని ఒకసారి దిండులో మొహం పెట్టి ఏడ్చింది. ఈ శుక్రవారం కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. దానికి వద్దని చెప్పే హక్కు నాకు ఉందో లేదో తెలీదు. అది ఎదిగిన పిల్ల. అందుకని ఏమీ చెప్పలేదు. సాయంత్రం పద్దెనిమిది పుస్తకాలూ దాని మంచం మీద పెట్టి, పైన రత్నం రాసిచ్చిన చీటీ, ఆ మూడు తేదీలూ, పదకొండు మంది సంగతీ, వదిన చెప్పిందీ నేను రాసిన కాగితం పెట్టాను.

"ఏంటమ్మా ఇవి?"

"చదువు. ఆరో పుస్తకం దాకా చదివితే నీకు గింజ పెట్టించుకోవాలనిపిస్తుంది. అక్కడ ఆపకు."

*

ఆదివారం. గుత్తి వంకాయ, మామిడికాయ పప్పు, చారు. ఆయన ఎప్పట్లాగే పన్నెండున్నరకి బరువు యంత్రం తెచ్చి హాల్లో పెట్టారు. నిన్న ఏమీ జరగనట్టే. లేకపోతే అలవాటు మనిషిని అలా నడిపించిందేమో.

"అది లోపల పెట్టండి," అన్నాను. "నిన్న నా బరువు రాసుకున్నారు. రశీదు ఉంది."

నలుగురం కూర్చున్నాం. మామూలుగా నేను అందరికీ పెట్టి చివర తింటాను. ఆ రోజు నా కంచం కూడా వేసుకుని వదిన పక్కన కూర్చున్నాను. మేకున ఉన్న గరిటె తీసి పప్పుగిన్నెలో వేశాను. వదిన నా వంక చూసి, ఆ గరిటెతోనే పప్పు వేసుకుంది.

"ఇది నా చేతికి తేలిక," అంది ఎవరితోనూ కాకుండా.

మేఖల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం కలపకుండా కూర్చుంది. తర్వాత లేచి అలమర దగ్గరికి వెళ్ళి, లడ్డూల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, గోటితో ఆ పిల్లి కళ్ళ స్టిక్కరు గీకడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ జిగురు. ఊడి రాలేదు. సగం కన్ను అలాగే ఉండిపోయింది.

"నేను కూడా నవ్వాను నాన్నా," అంది. "అమ్మ దొంగతిండి తింటుందని మా ఫ్రెండ్స్‌కి జోకులా చెప్పాను. మీకు తెలుసు. నేను నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నారు."

"మేఖలా, అది వేరు. నీకు పెట్టబోయేది..."

"శుక్రవారం నేను రాను. ఎప్పటికీ రానని కాదు. అమ్మ లెక్క, మిగతా పదిమంది లెక్క కలిపాక అప్పుడు చూస్తాను. ఆపరేషనా, ఇంకోటా, ఏమీ వద్దా అనేది అప్పుడు నేనే ఆలోచించుకుంటాను."

ఆయన నా వైపు తిరిగారు. "దాని మనసు విరిచేశావు కదా! బుధవారం కమిటీ. పదేళ్ళ నా కష్టం."

"నావీ పదేళ్ళేనండీ."

"ఒరేయ్ పాణీ," అంది వదిన, "ముందు అన్నం తిను. తర్వాత అరుద్దువుగాని. నీ గీతలో ఉన్నది నా తృప్తి. దాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడకు."

ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. "సుభా, నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అన్నారు చివరికి.

నేను ముద్ద నమిలి మింగాను. లోపల ఎప్పటి మౌనమే. ఎక్కడ ఆపాలో చెప్పేది ఎవరూ లేరు.

"బుధవారం పదింటికి కమిటీ ముందుకి వస్తున్నాను. మీ కారులో కాదు. రత్నానికి ఫోన్ చేసి మాట్లాడాను, తనతో, దొరికిన మిగతా ఆరుగురితో. పుట్టింటి పేరుతో సంతకం పెట్టింది నేనే కాబట్టి ముందు నా తప్పు చెప్తాను. తర్వాత మీది చెప్తాను. పద్దెనిమిది పుస్తకాలూ అక్కడే ఇచ్చి వస్తాను."

"ఆ తర్వాత ఈ ఇంట్లో..." అని ఆయన ఆగారు.

"కమిటీకి నా చిరునామా ఇదే రాయించాను. ఇంటికి వెళ్ళాం, ఆమె దొరకలేదు అని ఇంకెవరూ రాయకుండా. బుధవారం నుంచి వేరే చిరునామా వెతుక్కోవాల్సింది నేను కాదండీ."